రాలుపళ్ళ దారి

మా అమ్మ దారి అడగదు. ముప్ఫై ఏళ్ళకు పైగా బండి నడుపుతోంది కానీ, కిటికీ అద్దం దించి ఫలానా చోటికి ఎటు పోవాలని ఎవరినైనా అడగడం నేనెప్పుడూ చూడలేదు. మలాయి దేశంలోని మా ఊరు బంటింగ్‌లో ఫ్యాక్టరీ బస్సు నడిపే మనిషికి ఆ అవసరం రాదనుకోండి. తెల్లవారుజామునే లేచి, ఇళ్ళ ముందు నిలబడ్డ ఆడవాళ్ళను ఒక్కొక్కరినే ఎక్కించుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గర దింపుతుంది, సాయంత్రం మళ్ళీ ఎవరి గుమ్మంలో వాళ్ళను దించుతుంది. ఆ ఊరి సందులన్నీ ఆమెకు కొట్టినపిండి. కానీ సముద్రం దాటి వెళ్ళిన సబా రాష్ట్రంలో, ఫోన్‌కు సిగ్నల్ కూడా అందని పామాయిల్ తోటల నడుమ కూడా ఆమె మొదట అడగలేదు. ఆ మొండితనం వల్ల నా ఉద్యోగం పోవాల్సింది. పోలేదు. ఎందుకు పోలేదో చెప్పాలన్నా మళ్ళీ ఆమె గురించే చెప్పాలి.

ఇది నాలుగేళ్ళ కిందటి మాట. అప్పటికి నేను ఐదేళ్ళుగా తాత్కాలిక టీచర్ని. ఒక బళ్ళో ప్రసవానికి సెలవు పెట్టినావిడ స్థానంలో మూడు నెలలు, ఇంకో బళ్ళో కాలు విరిగిన సారు స్థానంలో నాలుగు నెలలు. పిల్లలు నా పేరు సరిగ్గా పలకడం నేర్చుకునేలోగా నా గడువు అయిపోయేది. ఇంటర్వ్యూలకు వెళ్ళీ వెళ్ళీ ఆశ చచ్చిపోయాక శాశ్వత ఉద్యోగం ఉత్తరం వచ్చింది. సబా లోపలి ప్రాంతంలో ఒక చిన్న ప్రాథమిక పాఠశాల. ఫలానా సోమవారం సాయంత్రం నాలుగు గంటల లోపు బడికి వెళ్ళి హాజరు పుస్తకంలో సంతకం పెట్టాలి. పెట్టకపోతే నేను ఉద్యోగం వద్దన్నట్టే లెక్క, నా పేరు మళ్ళీ జాబితా అడుక్కి పోతుంది. ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసుకుని ఎన్నిసార్లు చదువుకున్నానో నాకే తెలీదు.

మా అన్నయ్య సైబర్‌జయలో సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. వాడు ఫోన్లో మ్యాప్ తెరిచి ఆ ఊరి కోసం వెతికాడు. అక్కడ పచ్చరంగు తప్ప ఇంకేమీ లేదు. ఇది ఊరు కాదు, మరక అన్నాడు. వద్దని రాసెయ్యమని, తన కంపెనీలోనే ఏదో ఒక పని ఇప్పిస్తానని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. వాడి ప్రేమ వాడిది. నాకూ లోపల భయంగానే ఉంది. అమ్మ మాత్రం ఉత్తరాన్ని రెండు వైపులా తిప్పి చూసి, మలాయి భాషలో ఉన్నదాన్ని నాచేత చదివించుకుని, బస్సును మూడు రోజులు ఎవరికి అప్పగించాలా అని ఆలోచించడం మొదలుపెట్టింది. తను వస్తానంది. ఎందుకని అడిగితే, పిల్లనిచ్చే ఇల్లయినా చూసే కదా ఇస్తాం అంది. అప్పటికి ఆమెకు అరవై ఒకటి.

ఆదివారం పొద్దున్న విమానం. బడి హెడ్మాస్టరు ఆ రోజు సామాను కోసం విమానం దిగే తవావు టౌనుకు వస్తానని, మధ్యాహ్నం తిరిగి వెళ్ళేటప్పుడు నన్ను తన పికప్ బండిలో ఎక్కించుకుంటానని ముందే చెప్పాడు. విమానం మూడు గంటలు ఆలస్యమైంది. మేం దిగేసరికి ఆయన చూసీ చూసీ వెళ్ళిపోయాడు, ఆ దారిలో చీకటి పడితే ప్రయాణం కష్టమట. ఫోన్లో ఆయన గొంతు తెగుతూ తెగుతూ వినిపించింది. బడి బండి మళ్ళీ టౌనుకు వచ్చేది గురువారమే. కలాబాకాన్ అనే ఊరు దాటాక తారురోడ్డు వదిలి తోటలోకి తిరగాలని, రెండో కాపలా గేటు దగ్గర ఎవరినడిగినా బడి దారి చెబుతారని అన్నాడు. అంతలో లైను పోయింది. నేను అక్కడే సూట్‌కేసు మీద కూలబడ్డాను. అమ్మ అప్పటికే బయట బళ్ళు అద్దెకిచ్చే కొట్టు ముందు నిలబడి ఉంది.

కొట్టతను మొదట నన్ను చూసి, తర్వాత అమ్మను చూసి, డ్రైవరెవరని అడిగాడు. నేనని అమ్మ అంది. అతను నవ్వాడు. అమ్మ నవ్వకుండా పర్సులోంచి బస్సు లైసెన్సు తీసి బల్ల మీద పెట్టింది. అతను దాన్ని చూసి, అమ్మను చూసి, మళ్ళీ దాన్ని చూసి, తాళాల గుత్తి మారుస్తూ ఇది కాదు, ఆ వెనకదానికి నాలుగు చక్రాలూ లాగుతాయి, అది తీసుకోండి అన్నాడు. అమ్మ ఆ పాత పికప్ కింద దూరి చూసింది, స్పేర్ టైరును కాలితో తన్ని చూసింది, ఇంజిన్ నూనె పుల్ల తీసి వేలికి రాసుకుని వాసన చూసింది. రాత్రి టౌనులోనే ఉండి, మర్నాడు తెల్లారగానే బానెట్టుకు కుంకుమ బొట్టు పెట్టి, ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించింది. ఆ చిట్లిన నిమ్మకాయలను కొట్టతను ఎంత దిగులుగా చూశాడంటే, తన బండి తిరిగి రాదేమో అనుకున్నాడు కాబోలు.

కలాబాకాన్ దాకా తారురోడ్డే. అక్కడ టీ తాగి, అమ్మ ఇంటి నుంచి మోసుకొచ్చిన డబ్బా మూత తీసింది. ఇకన్ బిలిస్ అని మేం పిలిచే సన్న ఎండుచేపలు, ఉల్లిపాయలతో వేయించినవి. హోటల్లో తెల్లన్నం కొనుక్కుని అందులో కలుపుకుని తిన్నాం. తొమ్మిదిన్నరకు మళ్ళీ బయల్దేరాం. కాసేపటికి తారు అయిపోయింది, అక్కడి నుంచి ఎర్రమట్టి, కంకర.

ఆ ఎండ గురించి ఏం చెప్పను. వానలు పడి రెండు నెలలయిందట. రోడ్డు పక్క పామాయిల్ మట్టలన్నీ దుమ్ము కొట్టుకుని ఎర్రబారి ఉన్నాయి. బండిలో ఏసీ ఉంది కానీ అది ఎండనే కొంచెం చల్లార్చి మా మీద ఊదుతోంది. ఎక్కుడు వచ్చినప్పుడల్లా అమ్మ దాన్ని ఆపేసేది, ఇంజిన్ మీద బరువు వద్దని. అద్దాలు దించితే దుమ్ము, ఎత్తితే ఉడుకు. లారీ ఎదురొచ్చినప్పుడు పక్కకు ఆపి, దుమ్ము అణిగేదాకా ఏమీ కనిపించక కూర్చునేవాళ్ళం. కొండ ఎక్కితే ముందు తోట, దిగితే వెనక తోట, మధ్యలో ఒక ఇల్లు లేదు, ఒక కొట్టు లేదు. నాకు ప్రాణం విసిగింది. అమ్మ మాత్రం తలకు తువ్వాలు చుట్టుకుని, మా నాన్న పాత పొడుగుచేతుల చొక్కా తొడుక్కుని, చెప్పులు విప్పేసి కాళ్ళతో నేరుగా పెడల్ తొక్కుతూ, పుట్టింటికి వెళ్తున్నదానిలా ఉంది.

నిజానికి పుట్టిల్లే. అమ్మ పుట్టింది, పెరిగింది, మమ్మల్ని కన్నది బటాంగ్ బెర్జుంటై దగ్గర ఎస్టేటులో. వాళ్ళ అమ్మ రబ్బరు చెట్లు గీసి పాలు తీసింది. రబ్బరు కొట్టేసి పామాయిల్ వేశాక, పదిహేనేళ్ళ వయసులో అమ్మ రాలుపళ్ళు ఏరే పనిలో చేరింది. మగవాళ్ళు గెలలు కోస్తే, చెట్టు మొదట్లో రాలిన పళ్ళను వంగి ఏరి సంచిలో నింపడం ఆడవాళ్ళ పని. మా నాన్న ట్రాక్టరు డ్రైవరు. పని అయిపోయాక తోట దారుల్లో అమ్మకు స్టీరింగ్ పట్టుకోవడం ఆయనే నేర్పాడట. ఆయన పోయి, తోట ఇళ్ళ స్థలాలుగా మారిపోయాక, ఆ నేర్చుకున్న చదువుతోనే అమ్మ మమ్మల్ని బంటింగ్ తెచ్చి ఇద్దరినీ డిగ్రీల దాకా లాక్కొచ్చింది. పామాయిల్ ఆకు వాసన తగిలితే ఇప్పటికీ ఆమె నడుము నిటారుగా అవుతుంది. వంగి పని చేసినవాళ్ళకు అలా ఎందుకవుతుందో నేను ఎప్పుడూ అడగలేదు.

మొదటి కాపలా గేటు దగ్గర పుస్తకంలో బండి నెంబరు రాయించుకున్నారు. రెండో గేటు చేరేసరికి పన్నెండు. అక్కడ నీడలో ఒక కాపలా మనిషి కూర్చుని ఉన్నాడు, అతను లేచి గేటు కొయ్య పైకెత్తాడు. ఇక్కడ అడుగుదాం అని నేను అంటూనే ఉన్నాను. అమ్మ అతనికి చెయ్యి ఊపి ముందుకు పోనిచ్చింది. హెడ్మాస్టరు అడగమన్నాడు కదా అంటే, తోటలో పుట్టినదాన్ని తోటలో దారి అడగాలా అంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఇరవై నిమిషాలకు దారి రెండుగా చీలింది. ఎడమది సన్నది, మధ్యలో గడ్డి మొలిచింది. కుడిది రెండు లారీలు పక్కపక్కన పోయేంత వెడల్పు. బోర్డు లేదు. అమ్మ బండి ఆపి కిందికి దిగింది, నాలుగడుగులు వేసి, కుడి దారిలో వంగి ఏదో ఏరి తెచ్చి నా ఒళ్ళో పడేసింది. నాలుగు పామాయిల్ పళ్ళు, నారింజరంగులో మెరుస్తున్నవి.

"సూడు గుంటా," అంది. "లోడు లారీ ఎగిరితేనే పళ్ళు రాల్తాయి. ఉత్తి లారీకి ఏటి రాల్తాది? ఈ పళ్ళు ఎడం పక్కన రాలినాయి. అంటే లోడు మనం పోయే ఏపే పోతంది. అటు నూనె ఫ్యాక్టరీ ఉంది. ఫ్యాక్టరీ ఉంటే బడి ఉంటాది."

ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. మన దేశంలో బళ్ళు ఎడమ పక్కనే నడుస్తాయని తెలుసు, లారీ కుదిపితే పళ్ళు రాలతాయని తెలుసు, కానీ ఈ రెండూ కలిపితే దారి చెప్పొచ్చని నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు. పైగా ఆమె చెప్పిందాంట్లో తప్పేముంది? మా ఎస్టేటులో ఫ్యాక్టరీ చుట్టూనే అన్నీ ఉండేవి. ఆఫీసు, మందుల కొట్టు, గుడి, పసిపిల్లల్ని చూసుకునే షెడ్డు, ఆ పక్కనే బడి. పళ్ళెక్కడికి పోతే మనుషులూ అక్కడికే పోయేవాళ్ళు. మా వాళ్ళకు తప్ప ఇంకెవరికీ ఈ తెలివి ఉండదని గర్వపడుతూ ఆ పళ్ళను డాష్‌బోర్డు మీద వరసగా పెట్టాను. ఆ తప్పు కూడా మా వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరని అప్పటికి తెలీదు.

గంటసేపు పోయాం. పళ్ళు ఎడమ పక్కన పడే ఉన్నాయి, దారి వెడల్పుగానే ఉంది, అమ్మ కూనిరాగం తీస్తోంది. ఒక మలుపు తిరిగి దిగుడు దిగేసరికి ఎదురుగా నీళ్ళు. ఇంత వెడల్పున మట్టిరంగు నది. ఒడ్డున సిమెంటు వాలు, దాని చివర ఒక ఇనప పడవ, దాంట్లోకి లారీ వెనక్కి జరిగి గెలలు గుమ్మరిస్తోంది. ఒక రేకుల షెడ్డు. అంతే. దారి అక్కడితో అయిపోయింది. ఫ్యాక్టరీ నది మీద ఎంత దూరంలో ఉందో, ఏ ఊళ్ళో ఉందో, పళ్ళు మాత్రం పడవెక్కి వెళ్ళిపోతున్నాయి.

గడియారం చూశాను. ఒంటిగంటన్నర. వెనక్కి చీలిక దాకా గంట, ఆ తర్వాత ఇంకెంత దూరమో ఎవరికి తెలుసు. నా గుండె జారిపోయింది అని రాయాలి. అలా రాస్తే అబద్ధం. ఆ క్షణాన నాకు కొంచెం హాయిగా అనిపించింది. ఐదేళ్ళు ఎదురుచూసిన ఉద్యోగం చేజారిపోతుంటే లోపల ఎవరో అమ్మయ్య అన్నారు. ఆ దుమ్ము, ఆ ఎండ, ఒక మనిషి లేని ఆ దారి చూశాక, అక్కడ ఒంటరిగా ఉండడం నావల్ల కాదని నాకు అప్పటికే తెలిసిపోయింది. ఇప్పుడు నేను వద్దనక్కర్లేదు. దారే వద్దంది.

ఇంక చాలమ్మా, మనకు రాసిపెట్టి లేదు, తవావు పోదాం అన్నాను. గొంతులో బాధ పలికించడానికి ప్రయత్నించాను కూడా. అమ్మ ఇంజిన్ ఆపింది. తువ్వాలుతో ముఖం తుడుచుకుని నా వైపు తిరిగింది. ఇరవై తొమ్మిదేళ్ళు నన్ను చూసిన మనిషి, ఆమె దగ్గర నా నాటకాలేం సాగుతాయి.

"నీకు వద్దనుకుంటే బడికెల్లి, ఆ పెద్దసారు మొకం మీద వద్దని సెప్పు," అంది. "నాను ఏటీ అనను. దారి తప్పిపోనాం, అందుకే పోనాది అని మాత్రం రేపు ఎవుల్తోనూ సెప్పకు. తప్పినది నాను. నీ ఉద్యోగానికీ దానికీ సంబందం నేదు."

సిగ్గుతో నా ముఖం మండిపోయింది. ఆమె అరవలేదు, తిట్టలేదు. అప్పుడు ఆమె ఎన్నడూ చెయ్యని పని చేసింది. బండి దిగి, ఆ రేకుల షెడ్డు దాకా నడిచి వెళ్ళి, అక్కడ కూర్చున్న కాపలా మనిషిని బడికి దారి ఎటని అడిగింది.

అతను సులవేసి దీవి నుంచి వచ్చిన ముసలాయన. అమ్మకొచ్చిన ఎస్టేటు మలాయి, ఆయన మలాయి రెండూ చక్కగా కలిశాయి. బడి ఆ ఎడమ దారిలోనే ఉందట. మధ్యలో వాగు మీద పాత దుంగల వంతెన, అది లారీ బరువు మొయ్యలేదు కాబట్టి ఆ దారిలో లారీలు పోవు. లారీలు పోకపోతే పళ్ళు రాలవు. అంత చిన్న సంగతి. పికప్ అయితే దాటవచ్చు కానీ వంతెనలో రెండు దుంగలు కుళ్ళాయని, జాగ్రత్తని చెప్పి, షెడ్డు వెనక పడి ఉన్న మందపాటి చెక్కలు రెండు తనే మోసుకొచ్చి మా బండి వెనక వేశాడు. ఎవరు ఈ ఆడమనిషి, ఈ వయసులో ఇలా నడుపుతోందేమిటన్నట్టు నన్ను చూశాడు. మా అమ్మ అని చెప్పాను. అప్పటికి నాకు ఏడుపు ఆపుకోవడమే సరిపోయింది.

వెనక్కి వచ్చే దారిలో అమ్మ, ఆ పళ్ళు డాష్‌బోర్డు మీద అటూ ఇటూ దొర్లుతుంటే ఒక్కొక్కటే తీసి బయటకు విసిరేసింది. చీలిక దగ్గర ఎడమ దారిలోకి తిప్పి, ఒక క్షణం ఆపి, దుమ్ములోకి వేలు చూపించింది. సన్నని టైరు గుర్తులు, ఒకదాని మీద ఒకటి. మోటారుసైకిళ్ళవి. ఇందాక కూడా అక్కడే ఉన్నాయి, మేమిద్దరమూ చూడలేదు.

"పళ్ళు ఎటు పోతన్నాయో సూసినాను గానీ," అంది, "మనుసులు ఎటు పోతన్నారో సూడనేదు. మన తోటల రెండూ ఒకటే దారి. ఈడ ఏరు."

తన తప్పు తానే ఒప్పుకోవడం ఆమె నోట ఒకే రోజు రెండుసార్లు విన్నాను. మా అన్నయ్యకు చెబితే ఇప్పటికీ నమ్మడు.

వంతెన చేరేసరికి రెండు ముప్పావు. వాగు ఎండిపోయి అడుగున రాళ్ళు కనిపిస్తున్నాయి, అంత లోతున పడితే మళ్ళీ లేవం. చక్రాల కోసం రెండు పక్కలా పొడుగ్గా దుంగలు పరిచారు, మధ్యలో ఖాళీ. ఎడమ పక్క ఒక చోట ఆ రెండు దుంగలూ కుళ్ళి చెయ్యి పట్టేంత సందు. అమ్మ వంతెన మీద వట్టికాళ్ళతో ఆ చివరి దాకా నడిచింది, ప్రతి దుంగ మీదా మడమతో తొక్కి చూసింది, తిరిగొచ్చి రెండు చెక్కలనూ ఒకదాని పక్కన ఒకటి ఆ సందు మీద వేసింది. సూట్‌కేసులు దింపించింది. నన్ను కూడా దింపింది. నువ్వు అవతల నిలబడి చేతులు చూపించు, ఎడమ చక్రం ఎక్కడుందో నాకు కనిపించదు, నువ్వే చూడాలి అంది. నాకు నడపడమే సరిగ్గా రాదు, నేనెలా చెప్పను అంటే, బళ్ళో పిల్లల్ని వరసలో నడిపించవా, అలాగే అంది.

వంతెన అవతల నిలబడి రెండు చేతులూ ఎత్తాను. బండి మొదటి గేరులో, నత్తకన్నా నెమ్మదిగా, దుంగల మీదికి ఎక్కింది. నేను వంగి ఎడమ చక్రాన్ని చూస్తూ చెయ్యి కొంచెం కుడికి, ఇంకొంచెం కుడికి, ఆపు, పర్లేదు, రా అంటూ ఊపుతున్నాను. చక్రం చెక్క మీదికి రాగానే చెక్క కిర్రుమని వంగింది. నేను రెండు చేతులూ అడ్డం పెట్టేశాను. బండి ఆగింది. అప్పుడు తలెత్తి అమ్మను చూశాను. ఆమె వంతెన వైపు చూడడం లేదు, వాగు వైపు చూడడం లేదు. రెప్ప వెయ్యకుండా నా రెండు చేతుల వైపే చూస్తోంది. లోకంలో ఎవరినీ దారి అడగని మా అమ్మ, నేను చెయ్యి ఎటు ఊపితే అటు తిప్పుతోంది.

అడ్డం పెట్టిన చేతులు తీశాను. చక్రం చూశాను, వేలెడు కుడికి అని చూపించాను. ఆమె వేలెడే తిప్పింది. ముందు చక్రం దాటింది, వెనక చక్రం దాటింది, బండి ఒక్క కుదుపుతో నా పక్కన మట్టి మీదికి వచ్చి నిలిచింది. అమ్మ దిగి, ముందు టైరు చూసి, తర్వాత నన్ను చూసి, సామాను తీసుకురా, టైమవుతోంది అంది. ఐదేళ్ళు ఎన్నో బళ్ళలో పని చేశాను కానీ, టీచర్నని నాకు నిజంగా అనిపించింది ఆ వాగు ఒడ్డున.

బడి చేరేసరికి మూడూ నలభై. పొడుగాటి చెక్క బడి, ముందు ఫుట్‌బాల్ మైదానం, దాని గోల్‌పోస్టు దగ్గర ఫోన్ పట్టుకుని సిగ్నల్ కోసం నిలబడ్డ మనిషి. ఆయనే హెడ్మాస్టరు. మా జాడ లేదని జిల్లా ఆఫీసుకు ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాడట. నన్ను చూసి ముందు ఆశ్చర్యపోయి, తర్వాత పుస్తకం కోసం లోపలికి పరుగెత్తాడు. సంతకం చేసే ముందు అమ్మ వైపు చూశాను. ఆమె వరండాలోకి రాలేదు. ఒళ్ళంతా ఎర్రమట్టి, అలా లోపలికి రానని బయటే నిలబడింది. ఆమె ముఖంలో చెయ్యమనీ లేదు, వద్దనీ లేదు. చెప్పింది చెప్పినట్టే, ఏమీ అనకుండా నిలబడింది. పేరు, సంతకం, టైము మూడు గడుల్లో నింపాను. మూడూ నలభై ఎనిమిది అని రాస్తుంటే కలం మీద నా వేళ్ళ దుమ్ము కాగితానికంతా అంటింది.

నడిపిందెవరు అని హెడ్మాస్టరు అడిగాడు. చెప్పాను. ఆయన వరండా దిగి, అమ్మ ముందు తల కొంచెం వంచి, వంతెన మీద ఎవరు దారి చూపించారని అడిగాడు. అమ్మ నా వైపు చెయ్యి చూపించి, మీ టీచరే అంది. మీ టీచరు అంది. ఆ మాట నాకు ఉద్యోగం ఉత్తరం కన్నా పెద్దది. అమ్మ నీళ్ళ బకెట్ అడిగి, ముందు బండి అద్దాలు కడిగి, ఆ తర్వాతే తన ముఖం కడుక్కుంది.

మర్నాడు పొద్దున్నే ఆమె బయల్దేరింది. బంటింగ్‌లో బస్సు ఎదురుచూస్తోంది, ఇక్కడ పికప్ తిరిగి ఇవ్వాలి. అప్పటికే నా గది తలుపు గడియ, కిటికీ కొక్కెం, గ్యాసు గొట్టం అన్నీ చూసి, ఎండుచేపల డబ్బా అల్మారాలో పెట్టేసింది. వంతెన దాకా డ్రైవర్ని తోడు పంపుతానని హెడ్మాస్టరు అన్నాడు. అక్కర్లేదంది, ఒకసారి దాటాం కదా అంది. అంత దారి, ఒక్కత్తివీ ఎలా పోతావని నేను అడిగాను. నాకు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు. ఆమె దగ్గర దాచి ప్రయోజనం లేదని ముందు రోజే తెలిసింది.

ఆమె స్టీరింగ్ ముందు కూర్చుని చెప్పులు విప్పి పక్కన పెట్టింది.

"ఉండనేకపోతే ఫోన్ సెయ్యి," అంది. "దారి నాకు తెలిసిపోనాది. వచ్చి తీసుకుపోతాను."

అంతే. గేరు వేసింది. పిల్లలు అప్పుడప్పుడే మైదానంలో వరస కడుతున్నారు. నేను వాళ్ళ ముందు నిలబడ్డాను కానీ చెవులు రోడ్డు మీదే ఉన్నాయి. కాసేపటికి తోటల అవతల ఇంజిన్ శబ్దం సన్నగా విని, అదీ పోయాక, హాజరు పిలిచాను. పద్నాలుగు మంది. ఎవరి పేరూ సరిగ్గా పలకలేకపోయాను, వాళ్ళు నవ్వారు.

సాయంత్రం గోల్‌పోస్టు దగ్గర సిగ్నల్ దొరికేసరికి తవావు నుంచి ఆమె పంపిన వాయిస్ మెసేజ్ వచ్చి ఉంది. బండి ఇచ్చేశానని, కొట్టతను బానెట్టు మీద కుంకుమ కడగనివ్వలేదని, ఉండనీ అన్నాడని చెప్పింది. ఆ గొంతులో గర్వం నాకు బాగా తెలుసు. దాన్ని దాచుకోవడం ఆమెకెప్పుడూ రాదు.

ఆ తర్వాత వానలొచ్చాయి, ఆ వంతెన కొట్టుకుపోయింది, ఇప్పుడు ఇనప వంతెన కట్టారు. మొదటి ఏడు చాలా రోజులు ఆ గోల్‌పోస్టు దగ్గర ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడ్డాను. జ్వరంతో పడుకున్నప్పుడు, జీతం రెండు నెలలు ఆలస్యమైనప్పుడు, ఒక పిల్లవాడు బడి మానేసి తోట పనికి వెళ్ళిపోయినప్పుడు. నెంబరు నొక్కబోయి, ఆమె నిజంగానే వచ్చేస్తుందని గుర్తొచ్చి ఆగేదాన్ని. అంత దారీ, ఆ ఎండలో, ఎవరినీ అడగకుండా వచ్చేస్తుంది.

నాలుగేళ్ళయింది. వారం వారం మాట్లాడుకుంటాం. వచ్చి తీసుకుపొమ్మని మాత్రం నేను ఇంతవరకూ అడగలేదు.